చర్మం వెలుగును ఎరుగునా?

త్వగింద్రియం వెలుగును గ్రహిస్తుందా అనే ప్రశ్న మన దర్శనాలకు కొత్తది కాదు. ఈ మధ్య దానికి లభిస్తున్న తొందరపాటు సమాధానం మాత్రం కొత్తది. నేత్రపటలంలో వెలుగును పట్టే ఆప్సిన్ జాతి ప్రొటీన్లు మానవచర్మకణాలలోనూ ఉన్నాయని జీవశాస్త్రజ్ఞులు ప్రకటించిన తరువాత, "చర్మానికీ చూపు ఉందని సైన్సు ఒప్పుకున్నది, ఋషులు చెప్పిన దివ్యదృష్టి నిరూపితమైనది" అనే వాక్యం ప్రవచనాలలోనూ వాట్సాప్ సందేశాలలోనూ స్వేచ్ఛగా విహరిస్తున్నది. ఆ వాక్యం చాటున, కళ్ళకు గంతలు కట్టిన పసివారిచేత పుస్తకాలు చదివిస్తామనే శిబిరాలు వేల రూపాయల రుసుముతో వెలిశాయి. వాక్యంలోని పూర్వార్ధం పాక్షికసత్యం. ఉత్తరార్ధం సైన్సుకూ, మన ప్రమాణశాస్త్రానికీ సమానంగా అపచారం. సత్యాంశం ఎంతవరకో, అపచారం ఎక్కడ మొదలవుతుందో పరిశీలించడం భక్తులకు అవసరమని నా అభిప్రాయం.

మొదట మన పరిభాషను చూద్దాం. న్యాయవైశేషికుల మతంలో తేజోద్రవ్యానికి రెండు విశేషగుణాలున్నాయి: ఉష్ణస్పర్శ, భాస్వరమైన శుక్లరూపం. రూపాన్ని గ్రహించేది కన్ను ఒక్కటే, స్పర్శను గ్రహించేది చర్మం ఒక్కటే. పదిహేడవ శతాబ్దిలో తర్కసంగ్రహాన్ని రచించిన అన్నంభట్టు ఆంధ్రదేశీయుడని ప్రసిద్ధి. ఆ చిన్న గ్రంథాన్ని చదివిన విద్యార్థి ఎవరైనా ఈ విభాగాన్ని అప్పగించగలడు. దీనిపై ప్రాచీనులు చేసిన సూక్ష్మవిచారం మరింత రమణీయం. సూర్యుని తేజస్సులో రూపమూ స్పర్శా రెండూ ఉద్భూతాలు, అనగా ఇంద్రియానికి అందేంత వ్యక్తాలు. దీపప్రభలో రూపం ఉద్భూతం, స్పర్శ అనుద్భూతం. కాగిన నీటిలోని తేజస్సులో స్పర్శ ఉద్భూతం, రూపం అనుద్భూతం. అందుచేతనే కాగిన నీరు చీకటిలో వెలగదు కాని చేయి పెడితే చుర్రుమంటుంది. నయనరశ్మిలో రెండూ అనుద్భూతాలు.

ఈ నాలుగు విధాలను చేతబట్టుకుని ఎండలోకి నడిస్తే సగం చిక్కు విడిపోతుంది. అంధుడైనవాడు పెరటిలో నిలబడి సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో ముఖం తిప్పి చెప్పగలడు. ఇక్కడ అతని చర్మం పట్టుకున్నది సూర్యుని ఉష్ణస్పర్శ. ఆధునికభాషలో చెప్పాలంటే కిరణాలను, విశేషించి పరారుణ కిరణాలను, పీల్చుకుని చర్మం వేడెక్కింది, ఆ వేడిని త్వచలోని నాడీతంతువులు మెదడుకు నివేదించాయి. అదే అంధుని చెంపకు ఆమడదూరంలో కాక మూరెడు దూరంలో ఒక నిప్పుల కుంపటిని చీకటిగదిలో పెట్టినా అతనికి కలిగే జ్ఞానం ఇంచుమించు అదే. వేడిలేని ఎల్.ఇ.డి. దీపాన్ని వెలిగించి ఆర్పితే అతని చర్మం ఏమీ చెప్పదు. కనుక "ఎండ తగులుతున్నట్లు నాకు తెలుస్తున్నది" అనే అనుభవం తేజస్సు యొక్క స్పర్శజ్ఞానమే, రూపజ్ఞానం కాదు.

చర్మం వెలుగును ఎంత తక్కువగా ఎరుగునో తెలియాలంటే కేదారనాథ యాత్రికులను అడగాలి. సుమారు 3,580 మీటర్ల ఎత్తున గాలి పలుచన. అతినీలలోహిత కిరణాలను అడ్డగించే వాయుమండలం అక్కడ తక్కువ, మంచు ఉన్నచోట అది ఆ కిరణాలను మళ్ళీ ముఖం మీదికే చిమ్ముతుంది. యాత్రికుడు చలికి వణుకుతూ, మధ్యాహ్నమంతా నామజపంతో నడుస్తాడు. చర్మం చల్లగా ఉన్నది కాబట్టి అతనికి ఏ హెచ్చరికా అందదు. బసకు చేరిన కొన్ని గంటలకు ముక్కు, చెంపలు ఎర్రగా కమిలి మంటలెత్తుతాయి. కమిల్చిన కిరణం తాకినప్పుడు తెలియలేదు, కమిలిన తరువాతనే తెలిసింది. తనను దహిస్తున్న వెలుగునే ఆ క్షణాన గుర్తించలేని ఇంద్రియం, కాగితం మీది అక్షరాన్ని గుర్తిస్తుందని ఎట్లా నమ్మాలి?

అయితే ఆప్సిన్‌ల మాట ఏమిటి? దానిని దాటవేయడం న్యాయం కాదు. 2011లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మానవచర్మంలోని వర్ణకణాలపై దీర్ఘతరంగ అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేశారు. కొన్ని క్షణాలలోనే కణాల లోపల కాల్షియం పెరిగింది, గంటలోపే మెలనిన్ అనే వర్ణద్రవ్యం పెరగడం మొదలైంది. ఆ స్పందనలో కంటిలోని రొడాప్సిన్ అనే ప్రొటీన్‌కే పాత్ర ఉన్నదని వారు చూపారు. 2018లో ఫ్రాన్సు పరిశోధకులు నీలికాంతిని వర్ణకణాలు ఆప్సిన్-3 అనే మరొక ప్రొటీన్ ద్వారా పసిగడతాయన్నారు. మరుసటి సంవత్సరమే బ్రౌన్ బృందం ఆప్సిన్-3 వర్ణోత్పత్తిని నియంత్రిస్తుంది కాని తమ ప్రయోగాలలో ఆ కణాల కాంతిస్పందనకు అది కారణంగా కనబడలేదని ప్రకటించింది. ఒక ప్రొటీన్ ఒకచోట ఉన్నంతమాత్రాన అది అక్కడ ఆ పనే చేస్తుందని నియమం లేదన్నమాట. ఇంకా వాదప్రతివాదాలు నడుస్తున్న విషయాన్ని "సైన్సు ఒప్పుకున్నది" అని మనం ముగించేయడం పూర్వపక్షాన్నే సిద్ధాంతంగా చదవడం వంటిది.

ఇటువంటి తొందరపాటు ఒకమారు జరిగింది కూడా. 1998లో సైన్స్ పత్రికలో ఒక విచిత్రమైన ఫలితం వచ్చింది. మోకాలి వెనుక భాగం మీద మూడు గంటలు ప్రకాశవంతమైన దీపకాంతి పడితే మనిషి శరీరంలోని అహోరాత్రచక్రం ముందుకో వెనుకకో జరుగుతుందని! మోకాలి వెనుక కన్ను ఉన్నదని పత్రికలు మురిసిపోయాయి. నాలుగేళ్ళకు, 2002లో, అదే పత్రికలో వేరొక బృందం ఆ ప్రయోగాన్ని మరింత కట్టుదిట్టంగా చేసి అటువంటి ప్రభావమేదీ కనబడలేదని తేల్చింది. ప్రకటించిన చోటనే ఖండన కూడా ప్రకటితం కావడం నాకు మన వాదసంప్రదాయాన్ని జ్ఞప్తికి తెచ్చింది. మురిసిపోయిన పత్రికలలో ఎన్ని ఆ ఖండనను అచ్చువేశాయో చెప్పలేను.

ఇక చర్మం మీద వెలుగు నిశ్చయంగా, సందేహరహితంగా పనిచేసే ఒక ఉదాహరణను చూద్దాం. మన ఇళ్ళలో పురిటిబిడ్డకు పచ్చదనం కనిపిస్తే పెద్దవారు నీరెండలో కాసేపు పడుకోబెట్టేవారు. 1950ల మధ్యలో ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతపు రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో నెలలు నిండని శిశువులను చూసే ఒక నర్సు కూడా వారిని మంచి ఎండ ఉన్న రోజులలో ఆవరణలోకి తెచ్చేది. ఒకనాడు ఆమె వైద్యులకు ఒక బిడ్డను చూపింది. ఒళ్ళంతా పచ్చదనం తగ్గి పాలిపోయినట్లున్నది, దుప్పటి అంచు కప్పిన ముక్కోణపు భాగం మాత్రం ఇంకా పసుపుపచ్చగా ఉన్నది. ఆ ముక్కోణమే ఒక చికిత్సకు బీజం. 1958లో ఆ ఆసుపత్రి వైద్యులు లాన్సెట్ పత్రికలో తమ పరిశీలనలను ప్రకటించారు. నేడు మన జిల్లా ఆసుపత్రులలో సైతం పచ్చకామెర్ల శిశువులను నీలిదీపాల కింద ఉంచుతున్నారు. 460 నానోమీటర్ల పరిసరాలలోని నీలికాంతి చర్మం కిందనున్న బిలిరుబిన్ అణువు ఆకృతినే మార్చివేస్తుంది. మారిన ఆకృతి నీటిలో కరిగి శరీరం నుండి బయటకు పోతుంది. (ఈ మాట చదివి వైద్యుని మాని ఎండను ఆశ్రయించవద్దు. ఎండలో ఆ కాంతి ఎంతో, వేడి ఎంతో మన అదుపులో ఉండదు.)

ఆ దీపాల కింద పడుకున్న బిడ్డను ఒక్కసారి నిదానించి చూడండి. కాంతి తీవ్రత వల్ల కళ్ళకు హాని కలుగకుండా కళ్ళకు గుడ్డపట్టీ కడతారు. కన్ను మూతపడి ఉన్నది. చర్మం నిలువెల్లా వెలుగును అందుకుంటున్నది. ఆ వెలుగు వల్ల దేహంలో ప్రాణరక్షకమైన మార్పు జరుగుతున్నది. కాని ఆ బిడ్డకు దానిని గూర్చిన జ్ఞానం లేశమైనా లేదు. అదే స్థితిలో మహాపండితుని పడుకోబెట్టినా, ఆ నీలిమను అతని చర్మం అతనికి చెప్పదు. పచ్చదనం మాత్రం తగ్గుతుంది. వెలుగు చర్మం మీద పనిచేయడం ఒకటి, ఆ వెలుగు చర్మం ద్వారా జీవునికి తెలియడం మరొకటి. మొదటిది ప్రతిస్పందన, రెండవది ప్రత్యక్షం. మన చర్చలలోని గందరగోళమంతా ఈ రెండింటి నడుమ గీత చెరిగిపోవడం వల్లనే.

వేదాంతపరిభాషలో చెప్పుకుంటే, ప్రత్యక్షజ్ఞానానికి అంతఃకరణం విషయాకారవృత్తిగా పరిణమించాలి, ఆ వృత్తిలో చైతన్యం ప్రతిఫలించాలి. బృహదారణ్యకం ఈ విషయాన్ని అతిసులభంగా చెప్పింది. మనస్సు ఎక్కడో ఉన్నప్పుడు, ఎదుట ఉన్నదానిని కూడా చూడలేదంటాడు మనిషి, వినలేదంటాడు. కన్ను తెరిచే ఉన్నది, వెలుగు పడుతూనే ఉన్నది, అయినా దర్శనం లేదు. కన్ను విషయంలోనే ఇట్లా ఉండగా, మనస్సుతో ఎన్నడూ ముడిపడని వర్ణకణపు స్పందనను దర్శనమని ఎట్లా అంటాము? ఆకు సూర్యుని వైపు తిరిగితే ఆకు సూర్యుని చూసినదని కవి అనవచ్చు, నైయాయికుడు అనడు.

ఈ విభాగం కంటిలోనే ఉన్నదని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. 1995లో అమెరికాలో చూపు పూర్తిగా లేని 11 మందిని పరీక్షించారు. వారిలో ముగ్గురికి ప్రకాశవంతమైన కాంతి పడినప్పుడు, రాత్రివేళ ఉత్పన్నమయ్యే మెలటోనిన్ అనే స్రావం తగ్గిపోయింది. వెలుగున్నదో లేదో కూడా వారికి తెలియదు, వారి శరీరానికి మాత్రం తెలిసినట్లే ప్రవర్తించింది. చర్మమే దీనికి కారణమేమోనని సందేహం రాదా? కళ్ళను మూసి అదే కాంతిని ప్రసరింపజేసినప్పుడు ఆ ప్రభావం కలగలేదు. రూపదర్శనంతో నిమిత్తం లేకుండా పగలురాత్రులను పసిగట్టే కణాలు నేత్రపటలంలో వేరే ఉన్నాయని తరువాత వెల్లడైంది. అంటే కంటిలో ఉన్నంతమాత్రాన ప్రతి కాంతిస్పందనా చూపు కాదు. మన శాస్త్రకారులు గోలకం వేరు, ఇంద్రియం వేరు అన్నారు. కనబడే మాంసపిండం గోలకం, అందు అధిష్ఠించిన సూక్ష్మశక్తి ఇంద్రియం. కంటి గోలకంలోని ప్రొటీన్ చర్మంలో దొరికినదని చక్షురింద్రియమే చర్మంలోకి వచ్చినదనడం, గుడిలోని రాయి వంటి రాయి కొండమీద దొరికినదని అక్కడ కూడా ప్రతిష్ఠ జరిగినదనడం వంటిది.

చర్మమే సర్వేంద్రియం అనే వాదం మన న్యాయసూత్రాలలోనే పూర్వపక్షంగా ఉన్నదని చాలామందికి తెలియదు. మూడవ అధ్యాయంలో గౌతమమహర్షి ఇంద్రియాలు ఒకటా అనేకమా అని విచారిస్తాడు. పూర్వపక్షి ఇట్లా వాదిస్తాడు: త్వక్కు లేని ఇంద్రియస్థానం లేదు, కనుక త్వక్కు ఒక్కటే ఇంద్రియం. అట్లయితే చర్మం చక్కగా ఉన్న అంధుడు రూపాన్ని ఎందుకు చూడలేడని ప్రశ్న. దానికి పూర్వపక్షి చెప్పే సమాధానం నేటి ఆప్సిన్ వాదానికి అచ్చంగా తోబుట్టువు. పొగ తగిలితే కన్ను మాత్రమే మండుతుంది, మిగతా చర్మం మండదు కదా. అట్లాగే త్వక్కులోని ఒక విశిష్టభాగం రూపాన్ని, మరొకటి శబ్దాన్ని గ్రహిస్తాయి, ఆ భాగం చెడితే అంధత్వం. సిద్ధాంతి దీనిని ఒక్క దెబ్బతో పడగొడతాడు. విశిష్టభాగాలే కారణమన్నప్పుడు ఇంద్రియం ఒక్కటే అన్న నీ ప్రతిజ్ఞ భంగమైంది, వేరువేరు గ్రాహకాలను నీవే ఒప్పుకున్నావు. పైగా ఒకే ఇంద్రియం సర్వవ్యాపి అయితే రూపరసగంధాదులన్నీ ఏకకాలంలో తెలియాలి, తెలియడం లేదు. ప్రయోగశాలలు లేని కాలంలో ఇంతటి కాఠిన్యంతో తమను తాము పరీక్షించుకున్న సంప్రదాయం మనది. ఆ సంప్రదాయం పేరు చెప్పుకుని, ఓడిపోయిన పూర్వపక్షాన్ని ఋషివాక్యంగా ప్రచారం చేయడం ఏమి గురుభక్తి?

ఈ సందర్భంలోనే మరొక ప్రియమైన మాటను కూడా కదపక తప్పదు. కొందరికి కష్టం కలిగించవచ్చు. ప్రాతఃసంధ్యలో అర్ఘ్యమిచ్చేది చర్మానికి డి విటమిన్ అందాలని, రథసప్తమినాడు జిల్లేడాకులతో స్నానం చేసి సూర్యునికి ఎదురుగా నిలవడంలోని రహస్యం ఇదేనని తరచు వింటాము. చర్మంలో ఆ విటమిన్‌ను పుట్టించేది 290 నుండి 315 నానోమీటర్ల కిరణాలు. ఉదయసూర్యుని కిరణాలు ఏటవాలుగా, దీర్ఘమైన వాయుమార్గం గుండా వస్తాయి, ఆ కిరణాలను ఓజోన్ పొర ఇంచుమించు పూర్తిగా మింగివేస్తుంది. నీ నీడ నీకంటె పొడవుగా ఉన్నంతసేపూ ఆ విటమిన్ లాభం అతిస్వల్పం. తిరుపతిలో జరిగిన పరిశోధనలో కూడా ఉదయం 11 నుండి మధ్యాహ్నం 2 వరకే దాని ఉత్పత్తి అధికమని తేలింది. అర్ఘ్యం ఎందుకిస్తామో విధివాక్యం చెబుతుంది, ఉపాసకుని హృదయం చెబుతుంది. దానికి విటమిన్‌ను పూచీ పెట్టినవాడు, రేపు ఎవరైనా ఈ లెక్క చూపినప్పుడు సంధ్యనే వదులుకుంటాడు. అరసవిల్లిలో సంవత్సరానికి రెండుమార్లు సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే వేళ అక్కడ నిలిచినవారెవరూ నానోమీటర్లు లెక్కపెట్టరు.

ఇక గంతల విషయం. 1920లో ఫ్రెంచి రచయిత జూల్ రొమాఁ నేత్రేతర దర్శనమని ఒక గ్రంథమే ప్రకటించాడు. 1960లలో రష్యాలోని నీజ్నీ తగీల్‌కు చెందిన రోజా కులెషోవా అనే యువతి వేళ్ళతో రంగులు, అక్షరాలు చదువుతున్నదని ప్రపంచమంతా కోలాహలం. 1966లో మార్టిన్ గార్డ్‌నర్ సైన్స్ పత్రికలో వ్రాసిన వ్యాసం ఆ కోలాహలాన్ని చాలావరకు చల్లార్చింది. గంత ఎంత మందంగా ఉన్నా ముక్కుకు ఇరుపక్కలా సందు మిగులుతుందని, ఇంద్రజాలికులకు ఇది చిరపరిచితమైన విద్యయని అందులో వివరించాడు. మన ఊళ్ళలో మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ పేరుతో, కొన్నిచోట్ల త్రినేత్రజాగృతి అనే పవిత్రనామంతో, నడుస్తున్నది ఆ పాత విద్యయే. పిల్లవాడు తల కొంచెం పైకెత్తి, పుస్తకాన్ని ఛాతీ దగ్గర పట్టుకుని చదవడం గమనించినవారికి వేరే వివరణ అవసరం లేదు.

"మరి యోగసిద్ధులు అబద్ధమా?" అని ఆస్తికులు అడుగుతారు. అది వేరు విచారణ. విభూతిపాదంలో పతంజలి చెప్పిన సిద్ధులకు మూలం సంయమం, అనగా ధారణాధ్యానసమాధుల సమాహారం. వాటికి చర్మంలోని ప్రొటీన్ హేతువని ఆయన అనలేదు, రెండు రోజుల శిబిరంలో పదేళ్ళ బాలునికి లభిస్తాయనీ అనలేదు. పైగా సమాధికి అవి ఉపసర్గాలు, అంటే విఘ్నాలు అని హెచ్చరించాడు. యోగిప్రత్యక్షాన్ని నమ్మేవాడే ఈ వ్యాపారాన్ని అందరికంటె ముందు నిరసించాలి.

నన్ను బాధించేది రుసుము కాదు. శిబిరంలో కూర్చున్న బాలుడు మొదటిరోజున గంత కింది సందులోనుంచి రంగు చూస్తాడు. తాను చూస్తున్నట్లు వాడికి తెలుసు. ఎదుట తల్లి కళ్ళలో ఆనందబాష్పాలు. నిజం చెబితే ఆమె ముఖం ఏమవుతుందో ఆ వయసుకే వాడికి అర్థమవుతుంది. కనుక వాడు మౌనంగా ఉంటాడు, లేదా "చేతితో తెలిసింది" అంటాడు. యమనియమాలలో అహింస తరువాత రెండవది సత్యం. దానిని ఆధ్యాత్మికవిద్య పేరుతోనే బిడ్డచేత మొదటిసారి తప్పిస్తున్నాము, తల్లిదండ్రులు చప్పట్లు కొడుతుండగా. పెద్దయ్యాక ఆ బాలుడు ధ్యానమన్నా, ఉపాసన అన్నా, ఆ సందునే తలచుకుంటే తప్పు ఎవరిది?

ఇంకా సందేహమున్నవారు శిబిరంలో రుసుము చెల్లించక ముందే ఒక చిన్న పని చేయవచ్చు. ఒక పెద్ద అట్టముక్కను బిడ్డ గడ్డం కింద అడ్డంగా పట్టి, కళ్ళనుండి చేతులవైపు దారి లేకుండా చేసి, దానికింద చేతులలో పుస్తకం ఉంచమనండి. దీపం నిండుగా వెలుగుతూనే ఉండనివ్వండి. చర్మమే చూసేటట్లయితే చేతులకు ఆ అట్ట అడ్డం కాదు. నిర్వాహకులు దీనికి సమ్మతిస్తారో, 'ప్రతికూలతరంగాలు' అంటారో అక్కడే తెలిసిపోతుంది.